తరగతి గదిలో ఎల్లమ్మ కథ: నారాయణపేట ప్రాంత విద్యాసందర్భంలో ఒక నైతిక విచారణ

విద్యార్థి సంస్కృతే బోధనకు పునాది కావాలన్న వాదన అమెరికాలోని నల్లజాతి విద్యాచింతనలో బలంగా రూపుదిద్దుకొంది. తమ చరిత్రను చిన్నచూపు చూసే చదువు నల్లజాతి పిల్లలలో ఆత్మన్యూనతను నింపుతుందని 1933లో కార్టర్ జి. వుడ్సన్ వాదించాడు. 1964 వేసవిలో మిసిసిపీలో నడిచిన ఫ్రీడం స్కూళ్లు ఆ చరిత్రనే పాఠ్యాంశంగా చేసుకొన్నాయి. 1995లో గ్లోరియా లాడ్సన్-బిల్లింగ్స్ దీనికి సిద్ధాంతరూపమిస్తూ విద్యావిజయం, సాంస్కృతిక సామర్థ్యం, సామాజిక విమర్శ మూడూ కలిసి ఉండాలన్నది. మూడవదాన్ని మన చర్చలు తరచుగా వదిలివేస్తున్నాయి.

ఈ లోపం ఎంత ప్రమాదకరమో నారాయణపేట ప్రాంతం చూపుతుంది. కన్నడ సరిహద్దులోని ఈ నేలలో ఎల్లమ్మ కథ సజీవమైన మౌఖిక సాహిత్యం. బైండ్లవారు జమిడిక మీద గానం చేసే ఆ కథను పాఠంగా చెప్పితే దళిత బాలికకు తన వాడ మాట తరగతిలో వినిపిస్తుంది. పాఠ్యపుస్తకంలోని ప్రబంధ పద్యం ఇవ్వలేని చనువు అది. అయితే ఆడపిల్లలను జోగినులుగా మార్చిన ఆచారం కూడా ఆ దేవత పేరుతోనే సాగింది. 1988లో చట్టం దానిని నిషేధించింది. వింటున్నవారిలో జోగిని కూతురు ఉంటే, ఆ కథ ఆమెకు గౌరవమా, గాయమా?

కథను వెలివేయడం సమాధానం కాదు. వెలి అన్న మాటకు ఆ పిల్లల ఇళ్లలో ఉన్న అర్థం మనకు తెలిసిందే. వేడుకగా ప్రదర్శించడమూ కాదు. పాఠశాల వార్షికోత్సవంలో దళిత విద్యార్థి చేతికే డప్పు ఇవ్వడం సంస్కృతిని గౌరవించడమో, కులవృత్తిని మళ్లీ అప్పగించడమో ఉపాధ్యాయుడు తేల్చుకోవాలి. ఆ విద్యార్థి కాదనగలిగే వీలుంటేనే మొదటిది సాధ్యం.

భాగ్యరెడ్డి వర్మ ఆచరణ ఇక్కడ గమనార్హం. ఉర్దూ రాజభాషగా ఉన్న రాజ్యంలో ఆయన 1910 నుంచి దళిత పిల్లలకు తెలుగులో చదువు చెప్పించాడు. జనానికి పరిచితమైన హరికథను ప్రచారానికి వాడుకొన్నాడు. దేవతల పేరిట ఆడపిల్లలను అర్పించే ఆచారంపై ఉద్యమించినదీ ఆయనే. భాషను, కళారూపాన్ని స్వీకరించడం, వాటి పక్కనే పెరిగిన దౌష్ట్యాన్ని నిరాకరించడం ఆయనకు రెండు వేర్వేరు పనులుగా తోచలేదు.

అందువల్ల తండ్రి ఆజ్ఞతో కొడుకు తల్లి తల నరికిన ఘట్టాన్ని చెప్పిన తరువాత, ఉపాధ్యాయుడు ఒక ప్రశ్నకు చోటివ్వాలి: దేవత ఊరందరిదీ అయినప్పుడు, జోగినులు మాత్రం ఎక్కువగా మాల, మాదిగ ఇళ్ల నుంచే ఎందుకు వచ్చారు? ఆ ప్రశ్నను జోగిని కూతురి వైపు చూసి కాక, తరగతి మొత్తానికి, ముఖ్యంగా ఇతర కులాల పిల్లలకు వేయాలి.