ఇంట్లో కుక్క ఉంటే మడి పోతుందా? ధర్మరాజు చెప్పిన జవాబు

పోయిన వీడియో కింద ఒక చెల్లి అడిగింది: "అక్కా, షెల్టర్ నుంచి ఒక కుక్కను తెచ్చుకుందామనుకుంటున్నాను. ఇంట్లో దేవుడు ఉన్నాడు, కుక్క వద్దు, మడి పోతుంది అని అమ్మమ్మ అంటోంది. ఏం చేయను?"

అమ్మమ్మను తప్పు పట్టకండి. సరిగ్గా ఈ అభ్యంతరమే సాక్షాత్తూ ఇంద్రుడు కూడా చెప్పాడు. మహాప్రస్థానిక పర్వం గుర్తుందా? ద్రౌపది, నలుగురు తమ్ముళ్ళు దారిలో ఒక్కొక్కరుగా పడిపోయారు. మిగిలింది ధర్మరాజు, హస్తినాపురం నుంచి వెంట వస్తున్న ఒక కుక్క. (అది ఏ జాతిదో వ్యాసుడు చెప్పలేదు. ధర్మరాజు అడగనూ లేదు!) ఇంద్రుడు రథం తెచ్చి, కుక్కలు ఉన్నవాళ్ళకి స్వర్గంలో చోటు లేదు, వాళ్ళ యజ్ఞఫలం కూడా పోతుంది, దాన్ని వదిలేసి ఎక్కమన్నాడు. నమ్మి వచ్చినదాన్ని వదిలేయడం మహాపాపం, ఆ స్వర్గం నాకు వద్దన్నాడు ధర్మరాజు.

అందరూ కథ ఇక్కడితో ఆపేస్తారు. నాకు మాత్రం తర్వాతి మాటే ముఖ్యం. "తమ్ముళ్ళనీ భార్యనీ వదిలినవాడివి, కుక్కను వదలలేవా?" అని ఇంద్రుడు గుచ్చి అడిగాడు. దానికి ధర్మరాజు, వాళ్ళు చనిపోయాక వదిలాను, వాళ్ళని బతికించడం నా చేతిలో లేదు, బతికుండగా ఎవరినీ వదల్లేదు అన్నాడు. ఆ కుక్క యమధర్మరాజని తేలింది ఆ తర్వాతే. ఈ మాట అన్నప్పుడు ఆయనకి అది మామూలు కుక్కే.

బతికుండగా వదలడం. షెల్టర్‌లో ఉన్న చాలా కుక్కల కథ ఇదే కదా! పుట్టినరోజుకి ముద్దొచ్చి కొన్నారు, ఇల్లు మారారు, పాప పుట్టింది, అది పెద్దదైంది, వదిలేశారు. అందుకే చెల్లీ, నిన్ను నేను అడిగేది మడి గురించి కాదు. పన్నెండు, పదిహేనేళ్ళు దాన్ని చూసుకోగలవా? పెళ్ళి, ఆన్‌సైట్, కొత్త ఓనరు, ఇవన్నీ మధ్యలో వస్తాయి. పూజగదికి చిన్న అడ్డుగేటు పెట్టుకుంటే అమ్మమ్మ మడి నిలుస్తుంది. ఈ ప్రశ్నకి మాత్రం గేటు లేదు.

అంతకాలం కుదరదా? అయితే ఫాస్టర్ చెయ్యి. శాశ్వత ఇల్లు దొరికేదాకా కొన్ని వారాలు నీ దగ్గర పెట్టుకోవడం. ఆపరేషన్ అయిన కుక్కకో, తల్లి లేని పిల్లలకో బోను కంటే ఇల్లే మేలు. "అలవాటయ్యాక ఇచ్చేయాలంటే ఏడుపొస్తుంది" అంటారు. వస్తుంది మరి. కృష్ణుడు మధురకి వెళ్ళిన రోజు యశోదమ్మకి రాలేదా? కన్నది దేవకి, పెంచింది యశోద. మనం యశోదానందనుడు అనే పిలుస్తున్నాం!

హైదరాబాద్‌లో అయితే అక్కినేని అమల గారు 1992లో మొదలుపెట్టిన బ్లూ క్రాస్ ఉంది. మీ ఊళ్ళోనూ ఏదో ఒకటి ఉంటుంది. టీకాల కార్డు, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయ్యిందో లేదో అడిగి తెలుసుకోండి. తెచ్చిన మొదటి రోజుల్లో అది మంచం కింద దూరి తిండి ముట్టకపోవచ్చు. లాగకండి, నీళ్ళు దగ్గర పెట్టి మీ పని మీరు చూసుకోండి. కొన్నిటికి ఇల్లు ఇల్లు అనిపించడానికి నెలలు పడుతుంది. దీపావళి ముందు వారం మాత్రం తేవద్దు, టపాసుల చప్పుడుకి బెదిరి పారిపోతాయి. ఇంకొకటి, ప్రసాదమే కదా అని చక్కెర పొంగలి పెట్టకండి. అందులోని కిస్‌మిస్ కుక్కల కిడ్నీలను దెబ్బతీస్తుంది.

చెల్లీ, ముందు అమ్మమ్మను ఒకసారి షెల్టర్‌కి తీసుకెళ్ళు. తెచ్చుకునేది తర్వాత, ఊరికే చూసి రండి. ఆవిడ ఏమన్నారో కామెంట్‌లో నాకు చెప్పు.