ఆగిన ఓడలు

1914 సెప్టెంబర్ 22 అంటే మనవాళ్లకు మద్రాసు మీద ఎమ్డెన్ నౌక గుండ్లు కురిపించిన రాత్రి. అదే రోజు పొద్దున్నే, హాలండ్ తీరానికి ఆవల ఉత్తర సముద్రంలో మరో జర్మన్ నౌక చేసిన పని నన్ను ఇప్పటికీ వదలదు. దాని పేరు యూ-9. 1910లో నౌకాదళంలో చేరిన జలాంతర్గామి. కిరోసిన్ ఇంజన్లు కావడంతో, నీటిపైన వెళ్తుంటే తెల్లటి పొగ చిమ్మి తన జాడ తానే చెప్పుకునేది. కమాండర్ ఒట్టో వెడ్డిగెన్.

ఎదురుగా మూడు బ్రిటిష్ యుద్ధనౌకలు: అబూకిర్, హోగ్, క్రెస్సీ. మొదటి టార్పెడో అబూకిర్‌కు తగిలింది. మందుపాతర పేలిందనుకున్న కెప్టెన్ మిగతా రెంటినీ దగ్గరికి పిలిచాడు. అవి వచ్చి ఆగాయి, పడవలు దించాయి. ఈదుతున్నవాళ్లు పట్టుకుని తేలతారని బల్లలు, కుర్చీలు, చేతికందిన చెక్కనల్లా నీళ్లలోకి విసిరారు హోగ్ నావికులు. ఆ ఆగడమే వెడ్డిగెన్‌కు కలిసొచ్చింది. హోగ్ మునిగింది, ఆ తర్వాత క్రెస్సీ. కిట్ వైకెమ్-మస్‌గ్రేవ్ అనే పదిహేనేళ్ల కుర్రాడు అబూకిర్ నుంచి హోగ్ దాకా ఈదాడు. ఎక్కబోతుంటే దానికీ దెబ్బ తగిలింది. క్రెస్సీ చేరుకున్నాడు, అదీ పోయింది. చివరికి ఒక చెక్క పట్టుకుని బతికాడు. 1,450 మందికి పైగా బతకలేదు.

దెబ్బతిన్న ఓడ దగ్గర పెద్ద నౌకలు ఆగకూడదని ఆ తర్వాత బ్రిటిష్ నౌకాదళం ఆజ్ఞ ఇచ్చింది. యుద్ధంలో అది సరైన ఆజ్ఞే. వెడ్డిగెన్ కూడా ఆరు నెలలకే, 1915 మార్చిలో, మరో జలాంతర్గామితో పాటు మునిగిపోయాడు. అందులో ఒక్కరూ మిగల్లేదు.

అయితే ఆ పొద్దున ఆగిన ఓడ ఇంకొకటి ఉంది. ఫ్లోరా అనే చిన్న డచ్ సరుకుల ఓడ. వాళ్లది ఆ యుద్ధమే కాదు. నీళ్ల కింద ఇంకా ఏం పొంచి ఉందో తెలియని చోటికి వచ్చి, రెండు వందల యాభై మందికి పైగా మనుషుల్ని పైకి లాగి ఎయ్‌మౌడెన్ రేవుకు చేర్చింది. బాగా బతకడమంటే ఏమిటని ఎవరైనా అడిగితే నాకు ముందు ఆ ఓడే గుర్తొస్తుంది.

రోడ్డు మీద పడి ఉన్న మనిషిని చూసి, పోలీసులు, కోర్టులు అని జంకి బండి ముందుకు పోనిచ్చే మనం ఏ యుద్ధంలోనూ లేం. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం అలాంటివారి కోసం ఆగి సాయం చేసినవాళ్లకు రక్షణ ఇచ్చింది. ఆసుపత్రికి చేర్చాక పేరు చెప్పమని మిమ్మల్ని బలవంతపెట్టే హక్కు ఎవరికీ లేదు. దయచేసి ఆగండి.