రాగిరేకుమీది ముఖము

ధ్యానమునకు: 1 కొరింథీయులకు 3:4-9

మార్టిన్ లూథరుగారి పటమును మనలో అనేకులు చూచియున్నాము. నిండు ముఖము, లావైన మెడ, నల్లని టోపి. అయితే ఆయన ముఖము లోకమునకు మొదట తెలిసినది అట్లు కాదు. 1520లో జర్మనీ దేశపు విట్టెన్‌బర్గు పట్టణమున లూకాసు క్రానాకు అను చిత్రకారుడు రాగిరేకుమీద చెక్కిన పటములో ఆయన బక్కచిక్కిన సన్న్యాసి. నడినెత్తి గొరిగియున్నది, దవడ యెముకలు పైకి వచ్చియున్నవి, కన్నులు లోతుగా నున్నవి. అప్పటికి ఆయన వయస్సు 36 సంవత్సరములు.

రేకుమీద సన్నని ఉలితో గీతలు చెక్కి, వాటిలో సిరా నింపి, పైభాగమును తుడిచి, తడిపిన కాగితమును బలముగా అదుముదురు. ఇట్లు ఒక్క రేకునుండి అనేక ప్రతులు వచ్చును. ఆ యేడు జూన్ నెలలో పోపుగారు బెదిరింపు పత్రము వ్రాయించిరి. డిసెంబరు 10న లూథరుగారు దానిని కాల్చివేసిరి. 1521 ఏప్రిలులో వోర్మ్సు సభయందు చక్రవర్తి యెదుట నిలిచిరి. అట్టివాని ముఖమును చూడగోరుట సహజమే గదా.

పటము క్రింద లాటిన్ భాషలో కొన్ని మాటలున్నవి. లూథరు మనస్సుయొక్క నిత్యరూపమును ఆయనే తెలుపుననియు, చిత్రకారుడు చూపగలిగినది నశించు ముఖమును మాత్రమే యనియు వాటి భావము. చిత్రకారుడు తన పనికి తానే హద్దు గీసికొనెను. ఇతరులు ఆ హద్దున నిలువలేదు. 1521లో హాన్సు బాల్డుంగు అనునతడు లూథరుగారి తలచుట్టు కాంతివలయమును, పైన పావురమును చేర్చి చెక్క అచ్చుపటము వేసెను. ఇట్టి పటములను జనులు కొని ముద్దు పెట్టుకొనుచున్నారని పోపుగారి రాయబారి వ్రాసెను. విరోధి మాటయే, అయినను మనము నవ్వి త్రోసివేయరాదు.

తన పేరు పెట్టుకొనవద్దనియు, తాను ఎవరికొరకును సిలువ వేయబడలేదనియు 1522లో లూథరుగారే వ్రాసిరి. పేరు మాత్రము నిలిచెను. 1842లో హయ్యరుగారు గుంటూరు వచ్చిన పిమ్మట తెలుగు సంఘముల బోర్డులమీదికిని వచ్చెను!

పాస్టరుగారికి బదిలీ అయినప్పుడు మన గ్రామములలో ఏమి జరుగునో మనకు తెలియును. మాకు బాప్తిస్మమిచ్చినది ఆయన గనుక క్రొత్త అయ్యగారి ఆరాధనకు రామందుము. కానుక ఆపుదుము. పెండ్లికి పాత అయ్యగారినే పిలిపింతుము. ప్రేమించిన కాపరి పటమును గోడకు తగిలించుట తప్పనము. అయితే ఆ ముఖము ఎదుట లేనందున వాక్యము మనకు చప్పనైనయెడల, ఇంతకాలము మనము వినినది ఎవరిని?

లూథరుగారు 1546లో ప్రభువునందు నిద్రించిరి. మరుసటి యేట క్రానాకు చిత్రశాలవారు వేసిన పటములను విట్టెన్‌బర్గు పట్టణ దేవాలయపు బలిపీఠముమీద నిలిపిరి. అడుగు పటములో ఒక ప్రక్కన లూథరుగారు ప్రసంగపీఠమునందున్నారు. ఒక చేయి తెరచిన గ్రంథముమీద నున్నది. రెండవ చేయి ముందుకు చాచియున్నది. ఎదుటి ప్రక్కన సంఘము: బిడ్డతో కూర్చున్న తల్లి, గడ్డము నెరసిన వృద్ధుడు, యౌవనస్థులు. ఆయనకును వారికిని నడుమ సిలువమీద క్రీస్తు.