ఒక్కటే రొట్టె

కొరింథు సంఘమువారు ప్రభురాత్రి భోజనమునకు కూడివచ్చినప్పుడు కలిగినవారు ఇతరుల కొరకు ఆగక, తాము తెచ్చుకొనిన ఆహారమును తిని, తృప్తిగా త్రాగుచుండిరి. ఏమియు తేలేని బీదలు ఆ కూడికలోనే ఆకలితో సిగ్గుపడుచుండిరి. ఇది సుమారు క్రీ.శ. 55వ సంవత్సరపు మాట. ఆ వార్త వినిన పౌలు, దానిని ప్రభువు భోజనమని పిలుచుటకే సమ్మతింపలేదు. రొట్టె యుండెను, పాత్ర యుండెను. ప్రభువు బల్ల మాత్రము లేకపోయెను.

ఇంత కఠినమైన తీర్పు ఏల? రొట్టె ఒక్కటే గనుక దానిలో పాలుపొందు అనేకులు ఏకశరీరమైరని అతడు ఆ పత్రికలోనే బోధించియుండెను. ఒంటి గింజ రొట్టె కానేరదు. గింజలు తిరుగటిలో విసరబడి, నీటితో కలిసి, నిప్పుమీద కాలినప్పుడే రొట్టె యగును. పిమ్మట ఏ గింజ ఏ పొలములోనిదో వేరుచేసి చూపగలవాడెవడు?

ఈ పాఠమును దేవుడు ఆదినుండియు ఆహారముతోనే నేర్పుచు వచ్చెను. అరణ్యములో ఎవరు ఎంత మన్నా ఏరుకొనినను, కొలిచి చూడగా తలకొక ఓమెరే తేలెను. ప్రత్యక్షపు గుడారములో ఇశ్రాయేలు గోత్రముల లెక్కకు సరిగా పండ్రెండు సన్నిధి రొట్టెలుంచబడెను. అన్నిటికిని పిండి కొలత సమానమే, చిన్న గోత్రమునకు చిన్న రొట్టె లేదు. గలిలయలో ఒక చిన్నవాని యొద్దనున్న అయిదు యవల రొట్టెలు, బీదల ఆహారము, ప్రభువు చేతిలో అయిదువేలమంది పురుషులకు చాలెను. తానే జీవాహారమని బయలుపరచిన ఆ ప్రభువు, అప్పగింపబడిన రాత్రి రొట్టెను విరిచి అందరికిని పంచెను.

భారతదేశ సంఘమునకు కొరింథు దూరపు పట్టణము కాదు. దక్షిణదేశపు ప్రొటెస్టెంటు సంఘములు కొన్నిటిలో కులమునుబట్టి వేరువేరుగా కూర్చుండి, ప్రభుభోజనమును ముందు వెనుకలుగా పుచ్చుకొను వాడుక యుండెను. ఆ భేదమును బొత్తిగా విడువవలెనని 1833లో కలకత్తా బిషప్పు డానియేల్ విల్సన్ వ్రాయగా, అనేకులు సంఘమునే విడిచిరి గాని కులమును విడువలేదు.

నేడు బల్లయొద్ద అట్టి వరుసలు కనబడకపోవచ్చును. అయితే ఆదివారమున ఆ రొట్టెను అందుకొనిన చేతులు, సోమవారమున వివాహ సంబంధమునకును, సంఘ ఎన్నికలకును, కడకు సమాధి స్థలమునకును కులమును విచారించినయెడల, పౌలు గద్దింపు ఆ చేతులకే చెందును. తన్ను తాను పరీక్షించుకొనుట యనగా రహస్య పాపములను వెదకుకొనుట మాత్రమే కాదు. ప్రక్కన మోకరించినవానిని ప్రభువు శరీరములో అవయవముగా గుర్తించుటయు అందులో చేరియున్నది.

కొరింథువారికి పౌలు చూపిన మందు కష్టమైనది కాదు: ఒకని కొరకు ఒకడు ఆగవలెను. వెనుక వచ్చువానికి చోటు మిగిల్చి, అతడు కూర్చుండువరకు చేయి చాపక నిలిచిన విశ్వాసికే ఆ రొట్టె రుచి తెలియును.