విద్య మారిన విద్వాంసుడు

కల్వకుర్తి వంటి మెట్టసీమలో ఒక బిడ్డ భౌతికశాస్త్రమున పట్టము పొంది, పిదప దానిని విడిచి గణనయంత్రముల పనిలో ప్రవేశించినచో, పెద్దలు పెదవి విరుచుదురు. తత్త్వమును విడిచి పనిముట్టును పట్టినాడని వారి యాక్షేపణ. ఇది న్యాయమగునా యని విచారింతము.

అయ్యగారి సాంబశివరావుగారు 1914లో, నేటి పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో జన్మించిరి. కాశీ హిందూ విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రము నభ్యసించి, స్టాన్‌ఫర్డులో విద్యుచ్ఛాస్త్రము నేర్చి, అణుశక్తి పరిశోధనకు వలయు సాధనములను నిర్మించిరి. 1967లో హైదరాబాదున నేర్పడిన ఇ.సి.ఐ.ఎల్. సంస్థకు సారథ్యము వహించిరి. టి.డి.సి. శ్రేణి గణనయంత్రములు ఆ సంస్థనుండియే వెలువడినవి. ఆయన భౌతికశాస్త్రమును విడిచెననుటకంటె, దానికి చేతులు సమకూర్చెననుట యుక్తమని మా యభిప్రాయము.

ఏలయన, సూత్ర మెరిగినంత మాత్రమున ఫలము చేతికి రాదు. గాలి, ఆవిరి, ఉష్ణము నడచు నియమములు శాస్త్రజ్ఞులకు చిరకాలమునుండి తెలియును. రేపటి వాన మాత్రము తెలియలేదు. ఆంగ్ల శాస్త్రజ్ఞుడు రిచర్డ్‌సన్ ఆరు గంటల వాతావరణపు మార్పును చేతితో గణింపబూని, వారములకొలది శ్రమించి, తుదకు తప్పు ఫలితమును పొందెను. ఆ తప్పును దాచక 1922లో తన గ్రంథమున ప్రకటించెను. 2024లో పూనాలో నెలకొల్పిన ‘అర్క’ యంత్రము సెకనుకు 117 కోట్ల కోట్లకు మించిన గణనలు చేయగలది. దాని సాయముననే 2025నుండి 6 కిలోమీటర్ల గడుల లెక్కన వాతావరణ సూచన సిద్ధమగుచున్నది.

అయినను ఒక గడిలో రెండు మూడు పల్లె లుండవచ్చును. ఒక యూర వాన కురిసి, ప్రక్క యూర దుమ్ము రేగుట మన మెరుగనిది కాదు. ఎత్తిపోతల నీరందని చేనిలో రైతు ఆ సూచనను నమ్మి పత్తిగింజ నాటును. వాన తప్పినచో గింజ మాడును. మరల విత్తనములకు అప్పు చేయవలసినవాడు అతడే గాని యంత్రము కాదు.

కావున విద్య మారుట దోషము కాదు. రిచర్డ్‌సను వలె తన లెక్కయందలి సంశయమును దాచక చెప్పు నలవాటును క్రొత్త పనిలోనికి వెంట తీసికొనిపోకుండుటయే దోషము. యంత్రము తనంతట సంశయింపదు. ఆ భారము మనుష్యునిది. ‘వాన వచ్చును’ అనుటతో తృప్తిపడక, ‘ఈ మాట ఎంతవరకు నమ్మదగినది’ యని రైతునకు అతని భాషలో చెప్పగలవాడే విద్యాఋణము తీర్చినవాడు.

తమ కుమారుడో కుమార్తెయో శాస్త్రము మార్చుకొనినపుడు, ‘ఏమి విడిచితివి?’ యని గాక, ‘నీ లెక్క తప్పినచో ఎవరు నష్టపోవుదురో యెరుగుదువా?’ యని తల్లిదండ్రులు అడుగుదురు గాక.