దారి ఋణం

సుఖంగా వెళ్ళే దారి పక్కనే ఉండగా కావాలని కష్టమైన దారిలో వెళ్తే, ఆ కష్టానికి విలువ ఉందా? ఉంటే అది ఎక్కడి నుంచి వస్తుంది? మన వాళ్ళకు ఇది కొత్త ప్రశ్న కాదు. తిరుమల కొండకు 1944లో ఘాట్ రోడ్డు, 1974లో రెండో రోడ్డు వచ్చాయి. అయినా అలిపిరి దగ్గర 3,550 మెట్లకు మొక్కి కాలినడకన ఎక్కేవాళ్ళు ఈనాటికీ తగ్గలేదు. కడప, రాజంపేట వైపు భక్తులు శేషాచలం అడవిలో అన్నమయ్య కాలిబాట పట్టి వెళ్తారు. స్పెయిన్‌లో శాంటియాగో క్షేత్రానికి వెళ్ళే క్రైస్తవ యాత్రికులకూ ఇలాంటి మొక్కే ఉంది. యాత్ర చేసినట్టు ధ్రువపత్రం కావాలంటే నడిచేవాళ్ళు కనీసం 100 కిలోమీటర్లు నడవాలి, సైకిల్ మీద వచ్చేవాళ్ళు 200 కిలోమీటర్లు తొక్కాలి. అదే దేశంలో దేవుడి ఊసు లేకుండానే కొండల్లో, నదీ లోయల్లో, మట్టి బాటల మీద, గులకరాళ్ళ దారుల మీద రోజుల తరబడి సైకిల్ తొక్కేవాళ్ళు పెరుగుతున్నారు. దీన్ని గ్రావెల్ సైక్లింగ్ అంటారు. తెరుయెల్ ప్రాంతపు పర్వతాల్లో దాదాపు 700 కిలోమీటర్ల దారి ఒకటి ఇలాంటి వాళ్ళ కోసమే ఏర్పడింది. తారు రోడ్డు ఉండగా రాళ్ళ దారి పట్టిన ఆ సైకిలిస్టు, బస్సు ఉండగా మెట్లెక్కే మన భక్తురాలు ఒకే ప్రశ్న ముందు నిలబడతారు.

కష్టమే పుణ్యం అన్నది అందరికీ ముందు తోచే జవాబు. ఒళ్ళు ఎంత అలిస్తే ఫలం అంత పెద్దదని లోకంలో ఒక నమ్మకం ఉంది. కానీ మన శాస్త్రాలే దీన్ని ఒప్పుకోవు. భగవద్గీత పదిహేడో అధ్యాయం తపస్సును మూడు రకాలుగా విడదీసింది. ఫలం కోరకుండా శ్రద్ధతో చేసేది సాత్త్వికం, మెప్పు కోసం చేసేది రాజసం, మూర్ఖపు పట్టుదలతో శరీరాన్ని హింసించుకునేది తామసం. బుద్ధుడు ఆరేళ్ళు దేహాన్ని ఎండగట్టి, చివరికి ఆ మార్గాన్ని వదిలి మధ్యమ మార్గం పట్టాడు. ఇంత స్పష్టమైన హెచ్చరికలు ఉన్నాక మెట్ల లెక్కలోనో కిలోమీటర్ల లెక్కలోనో పుణ్యాన్ని వెతకడం తప్పు. ధ్రువపత్రం ఇవ్వాలంటే ఏదో ఒక కొలత కావాలి, నిజమే. ఆ కొలత యాత్ర జరిగిందని చెబుతుంది, యాత్రికుడిలో ఏం జరిగిందో చెప్పదు.

మరి విలువ ఎక్కడుంది? ఒంటి సత్తువ మీద నెమ్మదిగా చేసే ప్రయాణం మనిషిని పరాధీనుణ్ణి చేస్తుంది, దారికి ఋణపడేలా చేస్తుంది. విలువ ఆ ఋణంలో ఉందని నా వాదన. ప్రొద్దుటూరు నుంచి రాజుపాలెం మీదుగా కుందూ నది ఒడ్డు ఊళ్ళను చూసుకుంటూ, జమ్మలమడుగు దాటి, ఎర్రమల కొండలను పెన్న కోసిన గండికోట దాకా ఒక ప్రయాణాన్ని ఊహిద్దాం. కారులో వెళ్ళే మనిషికి శనగ చేలు కిటికీ అవతలి పచ్చదనం మాత్రమే. అద్దం ఎత్తి ఉంటుంది, లోపల చల్లగా ఉంటుంది, ఎవరితోనూ పని పడదు. డొంక దారిలో సైకిల్ మీద వెళ్ళే మనిషికి అదే నేల వేరుగా అందుతుంది. ఎదురుగాలి కొడితే వేగం చచ్చిపోతుంది. కంపముల్లు దిగితే చక్రం కూలబడుతుంది. ఒక్క వాన పడితే చాలు, రేగడి మట్టి టైరుకు అట్టలు కట్టి సైకిల్‌ను ముందుకు కదలనివ్వదు. నీళ్ళు అయిపోతే చేలో ఉన్నవాళ్ళను అడగాలి, డొంక రెండుగా చీలితే గొర్రెల కాపరిని అడగాలి. అడిగిన ప్రతిసారీ నా అంతట నేనే వెళ్తున్నాననే గర్వం కొంత కరుగుతుంది. దారి తెలిసిన మనిషి చదువుతో, సంపదతో పని లేకుండా అక్కడ గురువవుతాడు.

మన సంప్రదాయం అతిథి గురించి చాలా చెప్పింది. తైత్తిరీయోపనిషత్తు అతిథిని దైవంగా చూడమని చదువు ముగించి వెళ్ళే శిష్యుడికి బోధించింది. అయితే ఆ బోధంతా ఆతిథ్యం ఇచ్చేవాడి వైపు నుంచే సాగింది. అతిథిగా ఉండటం కూడా నేర్చుకోవాల్సిన ధర్మమేనన్న సంగతి మనం తక్కువ తలచుకుంటాం. ఇచ్చేటప్పుడు మనసు పెద్దదవడం సులువు. చేయి చాచి పుచ్చుకునేటప్పుడు చిన్నబుచ్చుకోకుండా, హక్కుగా లాక్కోకుండా కృతజ్ఞతతో నిలబడటం కష్టం. నెమ్మది ప్రయాణం ఆ చదువు చెబుతుంది. రాజుపాలెం మండలంలోనే కుందూ ఒడ్డున వెల్లాల సంజీవరాయస్వామి ఆలయం ఉంది. సంజీవని కోసం ఆకాశమార్గాన వెళ్తున్న ఆంజనేయుడు ఇక్కడి నీటి దగ్గర ఆగాడని స్థలపురాణం చెబుతుంది. లక్ష్మణుడి ప్రాణం మీదున్న పని అది, అంతకు మించిన తొందర ఏముంటుంది? అంతటి బలశాలికి కూడా ఈ నేలతో, ఈ నీటితో పని పడిందని ఈ ప్రాంతపు జనం నమ్మి, ఆ ఆగిన చోటునే కొలిచారు.

దీనికి వేమన వైపు నుంచి బలమైన ఆక్షేపణ వస్తుంది. క్షేత్రాలు తిరిగినంత మాత్రాన మనసు మారదనీ, వెతికేది లోపలే ఉందనీ రాయలసీమ నేల మీదే ఆయన కఠినంగా చెప్పాడు. ఆ మాట పూర్తిగా నిజం. కానీ ఆయన ఎదిరించింది కాళ్ళను కాదు, మనసు కదలకుండా కాళ్ళు మాత్రమే కదిలే బూటకాన్ని. దారిలో నీళ్ళిచ్చిన వాడి కులం అడిగే యాత్రికుడు ఎన్ని కొండలెక్కినా ఉన్నచోటే ఉన్నాడు. లోపలి మార్పే గీటురాయి అయితే, ఆ మార్పుకు అవకాశమిచ్చే దారిని కాదనడానికి కారణం లేదు. మోకాళ్ళు అరిగి బస్సులో కొండెక్కే అవ్వకు పుణ్యం తగ్గుతుందా అన్న సందేహానికీ ఇదే సమాధానం. కష్టం కొలత కానప్పుడు ఆమెకు తగ్గేది ఏమీ లేదు. చేయి పట్టి మెట్టు దించిన వాళ్ళకు ఆమె పడిన ఋణం కూడా దారి ఋణమే.

ఇంతకన్నా పదునైన ఆక్షేపణ ఇంకొకటి ఉంది. ఈ కష్టం తిండికి లోటు లేనివాళ్ళ విలాసం కాదా? ఖరీదైన సైకిల్ మీద సరదాగా ఎండలో వెళ్ళే మనిషి పక్కనే, ఎండ తప్పనిసరై కలుపు తీస్తున్న కూలి ఉంటుంది. ఆమె నడకను ఎవరూ యాత్ర అనరు. ఈ మాటను తప్పించుకోకూడదు. కష్టంలోనే పుణ్యం ఉంటే అందరికన్నా పుణ్యాత్మురాలు ఆమే కావాలి, ఆమె కష్టం తీర్చాల్సిన అవసరమూ లోకానికి ఉండకూడదు. అలాంటి నిర్ణయానికి ఏ మనసున్న మనిషీ రాడు. లేమి వల్ల వచ్చిన కష్టం తీర్చాల్సిన అన్యాయం, దానికి పవిత్రత అంటగట్టడం క్రూరత్వం. ఎంచుకున్న కష్టానికి ఒకే సమర్థన ఉంది. ఎంచుకోకుండా మోస్తున్న వాళ్ళ బరువు ఎంతో కొన్ని గంటలైనా ఒంటికి తెలియాలి, ఆ తెలివిడి తిరిగి వెళ్ళాక నడవడిలో నిలవాలి. అలా జరగకపోతే ఆ ప్రయాణం వ్యాయామంగా మిగులుతుంది. వ్యాయామం మంచిదే, కానీ దాన్ని సాధన అనకూడదు.

ఋణం అన్నాక అది ఎవరికి పడ్డామో తెలియాలి. గండికోట అంచున నిలబడి లోయను చూసేవాళ్ళు ఎందరో ఉన్నారు. అదే పెన్న మీద 26.85 టీఎంసీల గండికోట జలాశయం ఉంది. 2020లో నీటిమట్టం పెంచినప్పుడు తాళ్ళప్రొద్దుటూరు జనం తమ ఊరు విడిచారు. స్పెయిన్‌లోనూ ఇదే కథ నడిచింది. లియోన్ పర్వతాల్లో రియాన్యో అనే ఊరిని జలాశయం కోసం 1987లో కూల్చేశారు. సైకిలిస్టులు ప్రశాంతతను వెతుక్కుంటూ వెళ్ళే తెరుయెల్ కొండల నిశ్శబ్దం కూడా బతుకుతెరువు లేక జనం పట్నాలకు తరలిపోవడం వల్ల వచ్చిందే. ఒకరి వలస ఇంకొకరికి విహారస్థలం అవుతున్నప్పుడు, ఆ దారిలో వెళ్ళే మనిషి నిర్దోషినని అనుకోలేడు. అందుకని అక్కడికి వెళ్ళకూడదని నేననను. వెళ్ళనంత మాత్రాన ఆ ఊళ్ళకు ఒరిగేదేమీ లేదు. నీటి కింద ఎవరి ఇళ్ళున్నాయో, ఆ నీళ్ళు ఎవరి చేలకు వెళ్తున్నాయో, పరిహారం ఎవరికి అందిందో అడగడం యాత్రలో భాగం కావాలి. ప్రకృతిని చూసి పరవశించడం భక్తికి మొదలు కావచ్చు. ఆ నేల మీది మనుషుల గురించి అడగకుండా అది ధర్మం కాలేదు.

మన పెద్దలు దేవఋణం, ఋషిఋణం, పితృఋణం అని మూడు చెప్పారు. వాటిని యజ్ఞంతో, అధ్యయనంతో, సంతానంతో తీర్చుకోమన్నారు. దారి ఋణానికీ తీర్చే పద్ధతి ఉంది. అడిగి తాగిన నీళ్ళకు బదులు అడిగిన వాళ్ళకు నీళ్ళివ్వడం, పల్లె అంగట్లో కొనుక్కుని తినడం, చెత్త వెంట తెచ్చుకోవడం, దారి చూపిన ఊరికి రోడ్డో బడో తాగునీరో లేదని తెలిస్తే ఊరివాళ్ళతో కలిసి గొంతెత్తడం. ఇవి చిన్న పనులే, అయినా కష్టాన్ని తపస్సుగా మార్చే పనులు ఇవే. కుందూ గట్టు మీద సైకిల్ తొక్కినా, కొండ మెట్లెక్కినా, ఎంత దూరం వెళ్ళామన్నది రెండో ప్రశ్న. ఎవరికి ఋణపడ్డాం, దాన్ని ఎలా తీరుస్తున్నాం అన్నది మొదటి ప్రశ్న. దీనికి జవాబు చెప్పగలిగిన మనిషి దేవుడి పేరు ఎత్తకపోయినా యాత్రికుడే. చెప్పలేని మనిషి ఇంటికి తెచ్చుకునేది అలసట మాత్రమే.