నిలదీసేవాళ్లు లేని చోట భక్తి

దేవుణ్ణి పూర్ణహృదయంతో ప్రేమించమన్న ఆజ్ఞ క్రైస్తవులకు కంఠతా వచ్చు. ద్వితీయోపదేశకాండము ఆరో అధ్యాయంలోని ఈ ఆజ్ఞే అన్నిటిలోకి ముఖ్యమైనదని యేసు తేల్చి చెప్పాడు. తీరా ఆచరణకు వచ్చేసరికి మనం లెక్కల్లోకి దిగుతాం. ఎంతసేపు ప్రార్థించాం, ఎన్ని ఉపవాసాలున్నాం, దశమభాగం సరిగ్గా తీశామా, ఆరాధనలో కళ్లు చెమర్చాయా? ఇవన్నీ మంచివే. కాకపోతే దేవుడికి ఎంత ఇచ్చామో చెప్పే ఈ లెక్కలు, ఆయన్ని బతుకులో ఎక్కడికి రానివ్వలేదో చెప్పవు. భక్తి పూర్ణమా, సగమా అన్నది తేలేది ఆ రానివ్వని చోటనే. అది చాలాసార్లు మనల్ని నిలదీసే శక్తి లేని మనిషి ఉన్న చోటే అయి ఉంటుంది.

లేవీయకాండము పంతొమ్మిదో అధ్యాయం దీనికి గట్టి ఆధారం. దేవుడు పరిశుద్ధుడు కాబట్టి ఆయన ప్రజలూ పరిశుద్ధులై ఉండాలని మొదలుపెట్టిన ఆ అధ్యాయం, కాసేపట్లోనే బలిపీఠం దాటి చేలోకి దిగుతుంది. చేను అంచులదాకా కోయొద్దు, పరిగె ఏరుకోవద్దు, అవి పేదలకూ పరదేశులకూ వదిలేయాలి. కూలివాడి కూలి తెల్లవారేదాకా దగ్గర పెట్టుకోవద్దు. త్రాసులో, తూనికరాళ్లలో మోసం ఉండకూడదు. ఈ వరసలోనే చెవిటివాణ్ణి తిట్టొద్దనీ, గుడ్డివాడి దారిలో అడ్డం వేయొద్దనీ, దేవుడికి భయపడమనీ ఉంది. తిట్టు చెవిటివాడికి వినపడదు, అడ్డం వేసిందెవరో గుడ్డివాడికి కనపడదు. సాక్ష్యం లేదు, ఫిర్యాదు రాదు, పరువు పోయే ప్రమాదమూ లేదు. అలాంటి చోట చెయ్యి ఆగిందంటే దాన్ని ఆపింది దైవభయం తప్ప మరొకటి కాదు.

శనివారం సాయంత్రం కట్టుబడి దగ్గర కూలీలు వారం డబ్బుల కోసం నిలబడతారు. యజమాని బీరువాలో డబ్బుంది, నోట మాత్రం ‘సోమవారం చూద్దాంలే’ అన్న మాట వస్తుంది. గట్టిగా అడిగితే పని పోతుందని మేస్త్రీ నోరు మెదపడు. మర్నాడు అదే బీరువాలోంచి తీసిన నోటు కానుకల సంచిలో పడుతుంది. పనివాళ్లను పిండుకుంటూ చేసే ఉపవాసాన్ని దేవుడు ఒప్పుకోడని యెషయా యాభై ఎనిమిదో అధ్యాయంలో ఉంది. బిగబట్టిన కూలే మొరపెడుతుందని యాకోబు తన పత్రికలో హెచ్చరించాడు. పుదీన, సోపు, జీలకర్రలో కూడా పదోవంతు తీసే పరిసయ్యుల్ని యేసు మందలించింది ఆ పదోవంతు తీసినందుకు కాదు, న్యాయాన్నీ కనికరాన్నీ వదిలేసినందుకు. 1912లో దోర్నకల్ బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య కాలంలో అక్కడి పల్లె సంఘాల్లో స్త్రీలు వంటకు తీసిన బియ్యంలోంచి దేవుడికని పిడికెడు విడిగా పెట్టేవారు. ఆ పిడికెడు మిగతా బియ్యాన్ని మన ఇష్టానికి విడిపించే పన్ను కాదు. వండుకునేదంతా ఆయనదేనన్న ఒప్పుకోలు.

అలాగైతే న్యాయంగా బతికితే చాలు కదా, ప్రార్థనలెందుకని అడగవచ్చు. నాస్తికుల్లోనూ నిజాయితీపరులున్నారు, ఆ మాట కాదనలేం. కానీ క్రైస్తవుడికి న్యాయం ఒక్కటే గమ్యం కాదు, దేవుడితో సహవాసం కావాలి. యేసు కూడా ఇంకా చీకటి ఉండగానే లేచి ఏకాంతంగా ప్రార్థించాడు. పదిహేడో శతాబ్దంలో పారిస్ కార్మెలైట్ మఠంలో బ్రదర్ లారెన్స్ ఏళ్ల తరబడి వంటపని చేశాడు. ఆ పని ఆయనకు స్వతహాగా గిట్టేది కాదు. అయినా ప్రార్థన వేళకూ పొయ్యి దగ్గరి వేళకూ తేడా లేకుండా దేవుని సన్నిధిలో ఉండటం సాధన చేశాడు. అది ఒక్కరోజులో అబ్బిన విద్య కాదు. దేవుడు చూస్తున్నాడన్న ఎరుక ప్రార్థనలో నాటుకుంటేనే పనిలో నిలుస్తుంది.

రెండో అభ్యంతరం ఇంతకంటే బరువైనది. ఏం చేసినా ప్రభువు కోసమన్నట్టు మనసారా చేయమని పౌలు కొలొస్సయులకు రాసింది దాసులను ఉద్దేశించి. ఈ బోధను అడ్డం పెట్టుకుని యజమానులు మనుషుల్ని అణచి ఉంచిన మాట చరిత్రలో నిజం. అయితే అదే పత్రికలో, ఆ వెంటనే, యజమానులు దాసుల పట్ల న్యాయంగా, సమంగా నడుచుకోవాలనీ వాళ్లకూ పరలోకంలో యజమానుడున్నాడనీ ఉంది. మొదటి మాట పనివాడికి వినిపించి రెండోది దాచడమే సగం భక్తి. ఎదుటివాడి పూర్ణభక్తిని కొలిచే హక్కు ఈ వాక్యం ఎవరికీ ఇవ్వలేదు. ఎవరి అధికారాన్ని వాళ్లే దేవుడి ముందు పెట్టుకోవాలి.

ఇక మనిషి హృదయం ఏనాడైనా పూర్ణమవుతుందా అన్నది మిగిలింది. నమ్ముతున్నాననీ, తన అపనమ్మకానికి సాయం చేయమనీ కొడుకు కోసం వచ్చి ఒకే ఊపిరిలో వేడుకున్న తండ్రిని యేసు తిప్పి పంపలేదు. కాబట్టి మచ్చలేనితనం ఇక్కడ షరతు కాదు, చాటు లేనితనమే షరతు. పన్ను వసూళ్ల పెద్ద జక్కయ్య తన ఆస్తిలో సగం పేదలకిస్తాననీ, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగిస్తాననీ చెప్పాడు. తన పట్టు ఎక్కడ ఉందో అక్కడే తలుపు తీశాడు. ఆ ఇంటికి రక్షణ వచ్చిందని యేసు అన్నది ఆ మాట విన్నాకే. ఆదివారం కానుకకు నోటు తీసేముందు శనివారం కూలి చెల్లిందా లేదా చూసుకోవడం పూర్ణభక్తికి చిన్న మెట్టేమీ కాదు. చాలామందికి అదే మొదటి మెట్టు.